మన కంచెకు మన పొదలు



ఈ పూట మనం విత్తనాన్ని గురించి గాని, ఎరువును గురించి గాని మాట్లాడుకోవడం లేదు. చేను చుట్టూ ఉండే గట్టు, ఇంటి చుట్టూ ఉండే పెరడు, ఈ రెండింటి సంగతి చూద్దాం. గట్టు మీద ఏ పొద పెట్టాలి, ఖాళీ నేల మీద ఏ పచ్చ పరచాలి అన్నదే మన ప్రశ్న. వినడానికి ఇది చిన్న విషయమే. కాని లెక్క వేసి చూడండి. ఎకరం నేల చదరంగా ఉన్నదనుకుంటే ఒక్కొక్క ప్రక్క సుమారు 70 గజాలు, చుట్టుకొలత 280 గజాలు వస్తుంది. ఆ పొడవునా కడీలు పాతి ముళ్ళతీగ లాగడానికి ఎంత ఖర్చు అవుతుందో మీకు తెలిసినదే. ఆ తీగ పదేళ్ళకు తుప్పు పడుతుంది. పొద మాత్రం ఏటేటా చిక్కబడుతుంది.

తిరుమలాయపాలెం మండలాన్నే తీసుకుందాం. ఖమ్మం నుండి వరంగల్లు పోయే దారిలో ఉన్న పల్లెలివి. ఎర్ర చెలకలు ఎక్కువ, నడుమ నడుమ నల్లరేగడి. ఒక ప్రక్క ఆకేరు పారుతున్నది. తూర్పుగా పోతే కొత్తగూడెం, భద్రాచలం అడవులు మొదలవుతాయి. సాలుకు ఇంచుమించు 1000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. వానకు కొదవ లేదు గాని, అందులో పెద్ద భాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు, ఆ నాలుగు నెలల్లోనే దిగిపోతుంది. తక్కిన ఎనిమిది నెలలు నేల ఎండవలసిందే. మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు ఎక్కుతుంది. 2017 జనవరి 31న భక్త రామదాసు ఎత్తిపోతల పథకం ప్రారంభమై పాలేరు జలాశయం నీరు ఈ మెట్ట భూములకు ఎక్కిన తరువాత పైరు మారింది, చెరువులు నిండినవి. అయినా చెలక గట్టు స్వభావం మారలేదు. బోసిగా ఉన్న చెలక గట్టు ఒక్క జడివానకు సగం కరిగి కాలువలో కలుస్తుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో ఆకేరు, మున్నేరు పొంగినప్పుడు ఎన్ని గట్లు తెగినవో, ఎన్ని మళ్ళ మీద ఇసుక మేటలు వేసినవో ఈ ప్రాంతం వారు చూచినదే. అంతటి వరదను ఏ పొదా ఆపలేదు. కాని ప్రతి ఏడూ వచ్చే మామూలు వానకు కొట్టుకుపోయే మట్టిని ఆపడం పొదల చేతిలో, గడ్డి చేతిలో ఉన్నది.

తావును చూచి మొక్కను ఎంచాలి

తోటల పుస్తకాలు తిరగేస్తే చలి దేశపు పొదల బొమ్మలు చాలా కనిపిస్తాయి. ఆ దేశాలలో మంచు కురిసినా చావని మొక్కను వెదుకుతారు. అది వారికి సరైన పద్ధతే. మన తెలుగు నేల మీద కూడా లంబసింగి, చింతపల్లి, అరకు వంటి చల్లని చోట్లు ఉన్నవి. అక్కడ పెరిగే మొక్కను చూచి ముచ్చటపడి తెచ్చి తిరుమలాయపాలెం చెలకలో పెడితే మృగశిర కార్తె దాకా నిలవదు. అందుచేత మొక్క అందం చూచి కాక, అది పుట్టిన తావు చూచి ఎంచుకోవాలి. ఎవరూ నీరు పోయకుండా, ఎవరూ ఎరువు వేయకుండా మన బాటల ప్రక్కన, మన గుట్టల మీద, మన అడవి అంచున మే నెలలో పచ్చగా ఏ పొద నిలిచి ఉన్నదో చూడండి. గట్టుకు కావలసినది ఆ పొద.

బయటి మొక్కలన్నీ చెడ్డవని నేననడం లేదు. మన మిరపా బయటిదే, మొక్కజొన్నా బయటిదే. కాని పొలంలో పైరు మన అదుపులో ఉంటుంది. గట్టు మీద పొదను ఏడాదికి ఒక్కసారైనా చూడం. అదుపు లేని చోట పెట్టే మొక్క విషయంలో జాగ్రత్త పడాలి. ఇందుకు మన దేశంలోనే దృష్టాంతాలు ఉన్నవి.

సర్కారు తుమ్మను 1877-78 ప్రాంతంలో వంటచెరకు కోసమని కడప జిల్లా కమలాపురంలో విత్తారు. ఈనాడు అది చెరువు శిఖాల్లో, బీళ్ళలో, వాగుల వెంట మరొక మొక్కను నిలువనీయకుండా వ్యాపించింది. నరికితే పది పిలకలు వేస్తుంది. దాని కాయ తిన్న పశువు పేడలోనే విత్తనం ఊరూరికీ పోతుంది. లాంటానా పొదను 19వ శతాబ్ది ఆరంభంలో రంగురంగుల పూల కోసం కలకత్తా తోటకు తెచ్చారు. ఇప్పుడది అడవుల లోపలికి చొచ్చుకుపోయింది. దాని ఆకు మేసిన పశువుకు కాలేయం చెడి, ఎండలో చర్మం పగులుతుంది. వయ్యారిభామ 1955లో పూనా ప్రాంతంలో కంటబడింది. నేడు అది లేని బంజరు లేదు. మనిషికి దురద, ఉబ్బసం, చేనుకు కలుపు, అన్నీ దానివల్లనే. బ్రహ్మజెముడు కూడా ఇలాగే వచ్చిన ముళ్ళమొక్క. కంచెకు బాగుంటుందని పెంచితే దక్షిణ దేశంలో వేల ఎకరాలు దాని పాలైనవి. చివరకు 1926లో సింహళం నుండి ఒక పురుగును తెచ్చి వదిలితే, అది బ్రహ్మజెముడు రసం పీల్చి దాన్ని అణచివేసింది. పురుగు దొరికింది కాబట్టి గెలిచాము. సర్కారు తుమ్మకు అటువంటి పురుగు దొరకలేదు.

మూడు ప్రశ్నలు

పొదను ఎంచే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, నేల ఏమిటి? రెండు, అక్కడ నీరు నిలుస్తుందా, జారిపోతుందా? మూడు, ఆ మొక్కతో మనకు ఏమి పని? పశువును ఆపాలా, మట్టిని ఆపాలా, నీడ కావాలా, కాయ కావాలా? ఈ మూడింటికీ జవాబు దొరికితే మొక్క పేరు దానంతట అదే వస్తుంది.

మొదట ముళ్ళ పొదలు చూద్దాం. ఇవి కంచెకు వెలుపలి వరుసలో ఉండవలసినవి.

వాక్కాయ మనకందరికీ తెలిసిన పొద. జంట ముళ్ళు గట్టిగా ఉంటాయి. చెలకలో, గరప నేలలో, రాతి నేలలో కూడా నిలుస్తుంది. నీరు నిలిచే చోట మాత్రం పనికిరాదు. మూడో ఏట నుండి కాపు మొదలవుతుంది. వానాకాలంలో కాయ వస్తుంది. పప్పులోకి, పచ్చడికి, ఊరగాయకు పనికివస్తుంది, సంతలో అమ్ముడుపోతుంది. దాని చుట్టమే అడవిలోని కలే పొద. దాని పండ్లు చిన్నవి, తియ్యనివి. మొక్క వాక్కాయ కంటె మొండిది. గులక నేలకు కలేను మించినది లేదు.

గచ్చ పొదను పిల్లలు కాయల ఆట కోసం వెదకుతారు. దాని తీగకు, ఆకు ఈనెకు, కాయకు కూడా ముళ్ళే. గచ్చ కమ్ముకున్న కంచెలో మనిషి దూరలేడు, పందికీ సులభం కాదు. అయితే అది చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. సన్నని గట్టు మీద పెట్టవద్దు. అడవి వైపు హద్దున, రెండు గజాల వెడల్పు వదలగలిగిన చోట పెట్టండి.

రేగు, పరికి, బలుసు పొదలు చెలకల్లో తమంత తామే మొలుస్తాయి. గట్టు మీద మొలిచిన వాటిని పీకివేయకుండా కత్తిరించి ఉంచుకుంటే కొన్న మొక్కల ఖర్చు కొంత తప్పుతుంది. ఆకుజెముడు, బొంతజెముడు కొమ్మ గుచ్చితే బతుకుతాయి. నీరు అడగవు. కాని వాటి పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. కొమ్మలు నరికేటప్పుడు ముఖం ప్రక్కకు పెట్టుకోండి, చేతులు కడుక్కోనిదే కన్ను తుడుచుకోవద్దు. పిల్లలు తిరిగే పెరట్లో అసలే పెట్టవద్దు.

ఇక ముళ్ళు లేకపోయినా పశువు ముట్టని పొదలు. ఇవి లోపలి వరుసకు, పెరటికి అనువైనవి.

తంగేడు చెలకకు రాణి వంటిది. తెలంగాణ రాష్ట్రపు పువ్వు అదే. మేకలు కూడా ఆకును అంతగా ఇష్టపడవు. లేత రెమ్మలను మడిలో తొక్కితే పచ్చిరొట్ట ఎరువు అవుతుంది. బతుకమ్మ పండుగ దాటిన తరువాతనే దాన్ని కత్తిరించండి. అప్పుడు ఆడపడుచులకు పువ్వు దొరుకుతుంది, పొదకూ కొత్త చిగురు వస్తుంది.

వావిలి కాలువ వెంబడికి, తేమ గల గట్టుకు మంచిది. నల్లరేగడిలోనూ వస్తుంది. కొమ్మ పాతితే చాలు. పశువు మేయదు. ఎండిన వావిలాకు పప్పుధాన్యాల గాదెలో వేయడం మన పెద్దల వాడుక. జలుబుకు ఆవిరి పట్టడానికి, దోమలకు పొగ వేయడానికి కూడా అదే ఆకు. సన్నని కొమ్మలు దడి అల్లడానికి, బుట్టలకు పనికివస్తాయి.

పుల్లేడును కొందరు బండారు అంటారు. ఆకు జిగురుగా మెరుస్తుంది, కాయకు రెక్కలుంటాయి. రాతి గుట్ట మీద కూడా బ్రతికే పొద. కత్తెర వేస్తే గోడలాగ చిక్కగా పెరుగుతుంది. గులక చెలకకు, ఎండ పడే గట్టుకు ఇది మంచి ఎంపిక.

అడ్డసరం కొంచెం నీడ గల చోటికి, ఇంటి ప్రక్కకు. మేక సైతం ముట్టదు. ఆకు దగ్గుకు మందని అందరికీ తెలుసు. ఇంటికి పడమటి వైపు అడ్డసరం, వావిలి రెండు వరుసలుగా పెంచితే సాయంత్రపు ఎండ గోడను కాల్చదు. ఇల్లు చల్లబడాలని వేరే దేశపు మొక్కను తేనక్కరలేదు.

ఒక హెచ్చరిక. గన్నేరు, పచ్చగన్నేరు పూలు అందంగా ఉంటాయి గాని ఆకు, కాయ విషం. పశువులను కట్టే చోట, పిల్లలు ఆడే చోట వాటిని పెంచరాదు.

నేలను కప్పే మొక్కలు

పొద కంచెను కాస్తుంది. మట్టిని కాచేది నేలను అంటి పెరిగే మొక్క. వాన చినుకు నేరుగా మట్టి మీద పడితే మట్టి పగిలి నీటిలో కలుస్తుంది. ఆకు మీద పడి జారితే నీరు నెమ్మదిగా నేలలోకి ఇంకుతుంది. కనుక బోసి నేల ఎక్కడ కనిపించినా అది నష్టమని తెలుసుకోండి.

గట్టు ఏటవాలుకు గరికను మించినది లేదు. అయితే గరిక గట్టు మీద ఉన్నంతవరకే మేలు, మడిలోకి దిగితే కీడు. ఏటా దుక్కికి ముందు గట్టు అంచున పారతో చెక్కి దాని పాకుడు ఆపాలి. అంత పని చేయలేని వారు గరికకు బదులు వట్టివేరు పెట్టుకోవచ్చు. వట్టివేరు కుదురుగా, దుబ్బుగా పెరుగుతుంది, పాకదు. వేరు రెండు మూడు గజాల లోతుకు నిలువుగా దిగుతుంది. వాలుకు అడ్డంగా అరడుగు ఎడంతో దుబ్బలు నాటితే రెండేళ్ళకు అవి కలిసి వరుస గోడలాగా తయారవుతాయి. మట్టి దాని వెనుక ఆగుతుంది, నీరు వడకట్టుకొని పోతుంది. ఒక ఎకరం ప్రక్క పొడవుకు, అంటే 70 గజాలకు 420 దుబ్బలు కావాలి. 1980ల చివరి సంవత్సరాల నుండి ప్రపంచ బ్యాంకు నిపుణులు దీన్ని అనేక దేశాలలో ప్రచారం చేశారు. గడ్డి మాత్రం మన దేశానిదే. ఒక్క మాట గుర్తుంచుకోండి. వేసవి తడికల కోసమో, అత్తరు కోసమో గట్టు మీది వట్టివేరును త్రవ్వితే గట్టే కదిలిపోతుంది. వేరు అమ్ముకోవాలంటే వేరే చోట పెంచుకోండి.

ఎండు చెలకకు వెంపలి మంచిది. అది పప్పుజాతి మొక్క. వేళ్ళ బుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. తన విత్తనం తానే రాల్చుకొని మరుసటి ఏడు మొలుస్తుంది. మామిడి తోటలో పాదుల నడుమ వెంపలి పెరగనిచ్చి, పూత సమయాన కోసి పాదులలో పరిస్తే నేల చల్లగా ఉంటుంది. వయ్యారిభామ పట్టిన బంజరులో వాన తొలకరికి ముందే తంగేడు, తగిరిస, వెంపలి విత్తనం చల్లితే అవి ముందు లేచి వయ్యారిభామను ఎదగనీయవు. ఒక్క ఏట అది పోదు. రెండు మూడేళ్ళు పట్టుపట్టి చల్లాలి. దానికి తోడు వయ్యారిభామను పూతకు రాకముందే పీకాలి. పీకేవారు చేతులకు తొడుగు వేసుకోవాలి.

కాలువ ఒడ్డున, తేమ గల బాటల మీద బొక్కెనాకు పాకుతుంది. కాళ్ళ కింద నలిగినా చావదు. తేనెటీగలు దాని పువ్వును వెదుకుతూ వస్తాయి. బావి గట్టు దగ్గర, గోలెం దగ్గర నీడలో సరస్వతాకు, పొన్నగంటి పెంచుకోండి. ఎండ పడే పెరట్లో గంగవాయిలి, అటికమామిడి వస్తాయి. వీటిలో పొన్నగంటి, గంగవాయిలి, అటికమామిడి కూరకు కూడా పనికివస్తాయి గనుక ఇంటి ఆడవారు వీటిని ఎన్నడూ కలుపు అనరు.

కంచె మీదికి బోడకాకర పాకిస్తే మరీ మంచిది. తొలి వానకు గడ్డ నుండి తీగ లేస్తుంది. కాయకు సంతలో మంచి ధర పలుకుతుంది. ఆడ మొక్క, మగ మొక్క వేరువేరుగా ఉంటాయి. పది ఆడ తీగలకు ఒక మగ తీగ అయినా లేకపోతే కాయ పట్టదు. చాలామందికి కాపు రాకపోవడానికి కారణం ఇదే.

కంచె పెట్టే పద్ధతి

ఎకరం చుట్టూ ఒక్కసారే పెట్టాలని తొందరపడకండి. ఏడాదికి ఒక ప్రక్క చొప్పున పెట్టండి. రెండు వరుసలు, వరుసకు వరుసకు అడుగున్నర ఎడం, మొక్కకు మొక్కకు రెండడుగులు. వెలుపలి వరుస మొక్కకు ఎదురుగా లోపలి వరుసలో ఖాళీ రావాలి. ఈ లెక్కన ఒక ప్రక్కకు 210 మొక్కలు, ఎకరం మొత్తానికి 840 మొక్కలు పడతాయి. వేసవిలోనే అడుగున్నర లోతు, రెండున్నర అడుగుల వెడల్పు గల కందకం తీసి ఎండనివ్వండి. పై మట్టిలో చివికిన పశువుల ఎరువు కలిపి కందకం నింపి, రెండు మంచి వానలు పడిన తరువాత మొక్కలు పెట్టండి. మొదటి ఏడు పశువు తాకకుండా ఎండు కంప వేయాలి. ఇందుకు సర్కారు తుమ్మ కొమ్మలను నరికి వాడుకోండి. కాయలు లేని కొమ్మలే తేవాలని మరువకండి.

మరుసటి తొలకరికి మొక్కలన్నిటినీ అడుగు ఎత్తున కోసివేయండి. కష్టపడి పెంచిన మొక్కను కోయడానికి చేయి రాదు, నిజమే. కాని కోయని మొక్క పొడవుగా పెరిగి అడుగున బోసి పోతుంది. ఆ సందులోనే పంది దూరుతుంది, మేకపిల్ల దూరుతుంది. కోసిన మొక్క మొదటి నుండి కొమ్మలు వేస్తుంది. మూడేళ్ళకు కంచె నిలదొక్కుకుంటుంది.

విత్తనం విషయం. తంగేడు, పుల్లేడు గింజల మీద పొర గట్టిది. మరిగించి దించిన నీటిలో వేసి ఒక రాత్రి నానబెట్టి విత్తాలి. గచ్చ గింజను రాతి మీద ఒక ప్రక్క అరగదీసి నానబెట్టాలి. వాక్కాయ గింజ ఇందుకు విరుద్ధం. నిలువ ఉంచితే మొలక శక్తి పోతుంది. పండిన కాయ నుండి తీసి, గుజ్జు కడిగి, వెంటనే విత్తాలి. వావిలికి, అడ్డసరానికి బొటనవేలి లావు కొమ్మను మూరెడు పొడవున కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేటట్లు తొలకరిలో పాతితే చాలు.

విత్తనం కోసమని రిజర్వు అడవిలో మొక్కలు పీకడం తగదు. అది నేరం కూడాను. బాటల వెంట, బంజర్లలో, మీ సొంత గుట్టల మీద కావలసినంత దొరుకుతుంది. 2015 జూలైలో హరితహారం మొదలైన తరువాత గ్రామగ్రామాన నర్సరీలు ఏర్పడినవి. విస్తరణ కార్యకర్తలు ఇక్కడ శ్రద్ధ చూపాలి. నర్సరీకి కావలసిన మొక్కల పట్టీ తయారయ్యేటప్పుడే వాక్కాయ, తంగేడు, వావిలి, పుల్లేడు పేర్లు అందులో చేర్పించాలి. రైతు అడగనిది నర్సరీ పెంచదు. తిరుమలాయపాలెంలో ఏ నేలకు ఏది నిలిచిందో మూడేళ్ళు వ్రాసి పెట్టుకుంటే అది పక్క ఊరికి కూడా పనికివస్తుంది. సందేహాలకు వైరాలోని కృషి విజ్ఞాన కేంద్రం వారిని అడగవచ్చు.

మీరు అడిగే ప్రశ్నలు

పొద పెడితే పైరుకు దెబ్బ కదా అని అడుగుతారు. కొంత నిజమే. కంచెను ఆనుకొని మూడు నాలుగడుగుల వరకు పైరు పలచబడుతుంది. రెండేళ్ళకొకసారి లోపలి వైపు అడుగున్నర లోతు సన్న కాలువ తీస్తే పొద వేళ్ళు తెగి ఆ పోటీ తగ్గుతుంది.

పురుగులు చేరవా అని మరొక ప్రశ్న. మిరప, పత్తి వేసే ఈ ప్రాంతంలో ఇది అడగవలసిన ప్రశ్నే. గట్టు మీద తుత్తురు బెండ, వయ్యారిభామ ఉంటే పిండినల్లి, తెల్లదోమ వాటి మీద బ్రతికి పత్తి మీదికి వస్తాయి. వాటిని ఉంచరాదు. 2021లో మిరపను నాశనం చేసిన నల్ల తామరపురుగు పలు రకాల పూలలో తలదాచుకుంటుంది. కనుక మిరప చేను పక్కన కంచె పూతను ఒక కంట కనిపెట్టండి. పూతలో పురుగు కనబడితే కత్తెర వేయండి. చేనుకు, కంచెకు నడుమ రెండు మూడు వరుసలు జొన్న గాని మొక్కజొన్న గాని వేయండి. కంచెలో సాలీళ్ళు, అక్షింతల పురుగులు, పిట్టలు కూడా నివసిస్తాయి. అవి మన తరఫున పురుగును తింటాయి.

హద్దు తగాదా వస్తుందేమో అంటారు. వస్తుంది, అడగకుండా పెడితే. ముందుగా హద్దురాళ్ళు చూపించుకొని, పొరుగు రైతుతో మాట్లాడి, మీ హద్దుకు గజం లోపలగా పెట్టండి. ఇద్దరూ కలిసి ఒకే కంచె పెట్టుకుంటే ఇద్దరికీ ఖర్చు సగం. చెరువు కట్టల మీద మాత్రం పొదలు పెట్టరాదు. వేరు కుళ్ళితే కట్టలో బొరియ పడి నీరు కారుతుంది. కట్టకు గడ్డి చాలు.

అడవి పందులను, కోతులను ఈ కంచె ఆపుతుందా? కోతిని ఏ కంచే ఆపదు. పందిని చిక్కని ముళ్ళ కంచె చాలావరకు ఆపుతుంది. మొక్కజొన్న చేను చుట్టూ నాలుగు వరుసలు ఆముదం వేస్తే ఇంకొంత మేలు. పూర్తిగా ఆపుతుందని నేను చెప్పను. కాని ఒక్క విషయం గట్టిగా చెబుతాను. పందుల కోసమని చేనుకు కరెంటు తీగ చుట్టవద్దు. పందికి పెట్టిన తీగకు తామే తగులుకొని చనిపోయిన రైతులున్నారు. తెల్లవారుజామున పొరుగు చేనుకు నీరు పెట్టబోయి తగులుకున్న కూలివారున్నారు. కరెంటును ఇలా వాడడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జంతువును ఇలా చంపడమూ నేరమే. జైలు మాట అటుంచి, పోయిన ప్రాణం తిరిగి రాదు. ఒక పుట్టి మొక్కజొన్న పోతే మరుసటి ఏడు పండించుకోవచ్చు. వాక్కాయ ముల్లు గుచ్చుకుంటే ఒక రక్తపు చుక్క. కరెంటు తీగ తగిలితే ఒక కుటుంబం దిక్కులేనిదవుతుంది. మీ ఊళ్ళో ఎవరైనా తీగ చుట్టినట్లు తెలిస్తే మొహమాటపడకుండా చెప్పి తీయించండి.

ఇక ఈ ఏడాది చేయవలసిన పని. మాఘం, ఫాల్గుణాలలో తంగేడు, పుల్లేడు గింజ ఏరి ఉంచుకోండి. వైశాఖంలో, ఎండ నడినెత్తిన ఉన్న వేళ ఒకసారి మీ గట్ల వెంట నడిచి, ఏది పచ్చగా ఉన్నదో, ఎక్కడ మట్టి బోసిగా ఉన్నదో గుర్తు పెట్టుకోండి. జ్యేష్ఠంలో కందకం తీయండి. ఆషాఢంలో ఒక ప్రక్క, ఒకే ఒక ప్రక్క, 210 మొక్కలు పెట్టండి. శ్రావణంలో వాక్కాయ పండినప్పుడు గింజ తీసి మరుసటి ప్రక్కకు నారు పోసుకోండి.